టూర్‌కి వెళ్ళినవాళ్ళు బైకే ఎందుకు అద్దెకు తీసుకుంటారంటే

మీరు అడిగింది ఇది: "ట్యాక్సీలు, బస్సులు ఉండగా టూరిస్టులు బైక్ ఎందుకు అద్దెకు తీసుకుంటారు? డబ్బు మిగులుతుందనేనా? మేం నలుగురం డిసెంబర్‌లో గోవా వెళ్తున్నాం, ఇద్దరికే లైసెన్స్ ఉంది. తీసుకోమంటారా, వద్దంటారా?"

విశాఖపట్నంలో స్కూటర్లు, బైకులు అద్దెకిచ్చే షాపు నడుపుతున్నాను, చాలా ఏళ్ళుగా ఇదే నా పని. సెలవు దొరికితే వేరే ఊళ్ళో నేనూ బండి అద్దెకు తీసుకునే తిరుగుతాను. అందుకని కౌంటర్‌కి ఇటు నుంచీ అటు నుంచీ కూడా చెప్పగలను.

డబ్బు ఒక కారణం, కాదనను. కానీ షాపులోకి వచ్చినవాళ్ళు రేటు దగ్గర యాభయ్యో వందో బేరమాడి ఊరుకుంటారు. టైం దగ్గర మాత్రం వదలరు. "రాత్రి పదిన్నరకి తెచ్చినా తీసుకుంటారా?" "పొద్దున సూర్యోదయం చూడాలి, నాలుగున్నరకే షాపు తీస్తారా?" "రేపు మా ట్రైన్ సాయంత్రం కదా, అప్పటిదాకా ఉంచుకోవచ్చా?" పదిమందిలో ఎనిమిదిమంది ఇవే అడుగుతారు. రోజంతా ఎవరి టైం కోసమూ ఎదురుచూడకుండా తమ ఇష్టప్రకారం తిరగాలని ఉంటుంది వాళ్ళకి. దారిలో ఎక్కడ బాగుంటే అక్కడ ఆగాలి, బాగోకపోతే వెంటనే బయల్దేరాలి. ఆ సౌకర్యం కోసమే బండి.

మా ఊరి బీచ్ రోడ్డునే తీసుకోండి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సుమారు 30 కిలోమీటర్లు. దారిపొడవునా సముద్రం పక్కనే ఉంటుంది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, తెన్నేటి పార్కు, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట దగ్గర రాతి తోరణం, ఎర్రమట్టి దిబ్బలు, చివర భీమిలిలో పాత డచ్చి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు. అంటే 30 కిలోమీటర్లలో ఎనిమిది తొమ్మిది చోట్ల ఆగాలి.

ఇదంతా ఆర్టీసీ బస్సులో చూడాలనుకోండి. బస్సులు ఉన్నాయి, టికెట్ కూడా తక్కువే. కానీ తొట్లకొండ మలుపులో దిగితే పైన ఉన్న బౌద్ధ ఆరామం చూడటానికి ఎండలో కొండెక్కాలి. రెండు వేల ఏళ్ళ నాటి స్తూపాల పునాదులు, భిక్షువులు ఉన్న గదుల వరుసలు, అక్కడి నుంచి కిందకి చూస్తే సముద్రం. చూడదగ్గ చోటే, కానీ దిగి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. మళ్ళీ రోడ్డు మీద నిలబడి బస్సు కోసం చూడాలి. ఇలా రెండు చోట్ల జరిగితే మూడోది వదిలేసి హోటల్‌కి పోతారు. ఎర్రమట్టి దిబ్బల దగ్గరా అంతే, రోడ్డు నుంచి లోపలికి నడక ఉంది.

ట్యాక్సీ అయితే ఎండ బాధ లేదు. కానీ డ్రైవర్ అన్నకి ఇంకో ట్రిప్పు ఉంటుంది. మనం రాతి తోరణం దగ్గర గంట కూర్చుంటే ఆయన ఫోన్ చేస్తాడు. ఆయన తప్పేం లేదు, ఆయన పొట్టకూటి పని అది. ఆటో వాళ్ళు యారాడ బీచ్‌కి రమ్మంటే తిరుగు ఖాళీగా రావాలని రెండు వైపులా డబ్బు అడుగుతారు. అదీ న్యాయమే. డాల్ఫిన్ నోస్ కొండ దాటి యారాడలో దిగాక తిరిగి ఎక్కడానికి ఎవరు దొరుకుతారు?

అందుకే నేను చెప్పే లెక్క ఒక్కటే. ఒక చోటు చూసి రావాలంటే బస్సు. రెండు చోట్లకైతే ఆటోనో ట్యాక్సీనో. దగ్గరదగ్గరగా ఐదారు చోట్లు, ఒక్కొక్కటీ మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో, సన్నదారుల్లో ఉంటే దానికి స్కూటర్‌ని మించింది లేదు. గోవా, హంపి, పుదుచ్చేరి, మా విశాఖ, ఈ ఊళ్ళన్నీ అలా పరుచుకుని ఉన్నవే. అద్దె బైకుల షాపులు వెలిసింది కూడా అందుకే. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ చూడటానికి హైదరాబాద్ వచ్చినవాళ్ళకి ఆ ట్రాఫిక్‌లో బండి తీసుకోమని నేను చచ్చినా చెప్పను. మెట్రో, ఆటో, క్యాబ్ చాలు.

ఇప్పుడు డబ్బు సంగతి. మా దగ్గర స్కూటర్ మామూలు రోజుల్లో సుమారు 500 రూపాయలు అనుకోండి. 70 కిలోమీటర్లు తిరిగితే రెండు లీటర్ల పెట్రోలు కూడా పట్టదు. ఇద్దరికి కలిపి 700 దాకా అవుతుంది. అదే రోజంతా క్యాబ్ అంటే రెండున్నర వేలకి తక్కువ ఎవరూ రారు. ఇద్దరికైతే తేడా బాగా తెలుస్తుంది. నలుగురైతే రెండు స్కూటర్లు కావాలి, 1,400 అవుతుంది. సెల్ఫ్ డ్రైవ్ చిన్న కారు తలా కాస్త వేసుకుంటే అంతకంటే మరీ ఎక్కువేం కాదు. అయినా నలుగురు కుర్రాళ్ళు వస్తే రెండు స్కూటర్లే అడుగుతారు. లెక్క వేసుకోవడం రాక కాదు. కారు ఆపడానికి చోటు వెతుక్కోవాలి, స్కూటర్‌ని టీ కొట్టు పక్కన స్టాండ్ వేస్తే అయిపోయింది. సముద్రం గాలి, చేపలు ఎండబెట్టిన వాసన, పల్లె మధ్యలోంచి పోతుంటే పిల్లలు చేతులూపడం, ఇవన్నీ కారు అద్దాలు ఎక్కించుకుంటే ఉండవు.

ఈ మధ్య మా షాపుకి వస్తున్న ఆడపిల్లల సంఖ్య బాగా పెరిగింది. ఒకసారి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు, ఆఫీసులో కొలీగ్స్. ఒకమ్మాయి బండెక్కి ముందు అద్దాలు తన ఎత్తుకి సరిచేసుకుంది. వెనక బ్రేక్ నొక్కి చూసింది, ముందుది నొక్కి చూసింది, హారన్ కొట్టింది, ఆ తర్వాతే సంతకం పెట్టింది. ఆ జాగ్రత్త చూసి ముచ్చటేసి, ట్యాక్సీ ఎందుకు వద్దనుకున్నారమ్మా అని అడిగాను. "క్యాబ్ ఎక్కిన ప్రతిసారీ ఇంటికి లొకేషన్ పంపడం, ఎటు తిప్పుతున్నాడో ఫోన్లో చూస్తూ కూర్చోవడం, టూర్ అంతా దాంతోనే అయిపోతోందండీ. బండి ఉంటే ఆ టెన్షన్ లేదు" అంది. మగవాళ్ళకి స్కూటర్ ఒక సౌకర్యం. ఆడవాళ్ళకి చాలాసార్లు అదొక ధైర్యం. ఈ మాట ఇంతకుముందు ఎవరైనా రాశారో లేదో గానీ, అద్దె బండ్లు నడవడానికి ఇది పెద్ద కారణం.

ఇంకో రకం వాళ్ళుంటారు. ఇంట్లో బైక్ ఉంది, కానీ హైదరాబాద్ నుంచి విశాఖకి 600 పైచిలుకు కిలోమీటర్లు తోలుకుంటూ రావడానికి సెలవులు చాలవు. రైల్లో పార్శిల్ చేద్దామంటే ఆర్సీ, ఇన్సూరెన్స్ కాపీలు, ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయడం, గోనెసంచులతో ప్యాకింగ్, మళ్ళీ ఇక్కడ విడిపించుకోవడం. మూడు రోజుల టూర్‌కి అంత తతంగం ఎవరు పడతారు? మరికొందరికి ఇంట్లో ఉన్నది చిన్న బండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ మీదో, హిమాలయన్ మీదో రెండు రోజులు తిరగాలని ఆశ. ఆ ఆశ మంచిదే. లక్షలు పెట్టి కొనే ముందు కొండదారిలో ఒకరోజు నడిపి చూడటం కంటే మంచి టెస్ట్ డ్రైవ్ లేదు. కాకపోతే రోజూ 110 సీసీ స్కూటర్ నడిపే మనిషి 180 కిలోల పైన బరువున్న బండెక్కి, వెనక మనిషినీ బ్యాగునూ పెట్టుకుని ఏకంగా ఘాట్ రోడ్డుకి బయల్దేరకూడదు. ముందు ఊళ్ళో రెండు గంటలు తిప్పండి. యూ టర్న్ తీసుకోవడం, వాలులో ఆపి కాలు పెట్టడం అలవాటైతే అప్పుడు వెళ్ళండి.

ఘాట్ అన్నాను కాబట్టి అరకు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నాకు అందరికంటే ఎక్కువ దిగులు అరకు వెళ్ళేవాళ్ళ గురించే. విశాఖ నుంచి 115 కిలోమీటర్లు, పోనూ రానూ 230. ఎస్.కోట దాటాక కొండ మొదలవుతుంది. ఎక్కేటప్పుడు ఏ బండైనా ఎక్కుతుంది, ఇబ్బంది అంతా దిగేటప్పుడే. గేర్ల బైక్‌ని రెండో గేర్‌లో పెడితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు అప్పుడప్పుడు తాకిస్తే చాలు. స్కూటర్‌కి ఆ పట్టు బాగా తక్కువ. యాక్సిలరేటర్ వదిలేసి వేగం బాగా తగ్గితే లోపల క్లచ్ పట్టు వదిలేస్తుంది, ఆ తర్వాత బండి బరువంతా బ్రేకుల మీదే. పది నిమిషాలు బ్రేకు నొక్కి పట్టుకునే దిగితే డ్రమ్ము కాలిపోయేంత వేడెక్కుతుంది. లివర్ ఎంత నొక్కినా బండి ఆగదు. కాలిన వాసన వచ్చిందంటే పక్కకి తీసి అరగంట ఆపేయాలి. పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపి దిగేవాళ్ళని కూడా చూశాను, అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు. చలికాలంలో దీనికి పొగమంచు తోడవుతుంది, వానాకాలంలో రోడ్డు మీద మట్టి.

అందుకే అరకు స్కూటర్ మీద ఒక్కరోజులో వెళ్ళొస్తామంటే నేను బండి ఇవ్వను. పొద్దున కిరండూల్ పాసింజర్ ఎక్కమంటాను, అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె దొరికితే మరీ మంచిది. సొరంగాలు, లోయలు చూసుకుంటూ వెళ్ళి, అక్కడ ఆటో మాట్లాడుకుని చాపరాయి, పద్మాపురం గార్డెన్స్ తిరగవచ్చు. బైక్ మీదే వెళ్ళాలని ఉంటే గేర్ల బండి తీసుకుని, రాత్రి అక్కడే ఉండి, మర్నాడు వెలుగు ఉండగానే దిగాలి.

ఎక్కడ తీసుకున్నా ముందు నంబర్ ప్లేటు చూడండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే అది అద్దెకివ్వడానికి రిజిస్టర్ అయిన బండి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది ఎవరి సొంత బండో, దాన్ని అద్దెకివ్వకూడదు. మన దేశంలో మోటార్ సైకిళ్ళు అద్దెకివ్వడానికి 1997లోనే ప్రత్యేకంగా ఒక స్కీమ్ తెచ్చారు, లైసెన్స్ తీసుకునే చేయాలి. "తెల్ల ప్లేటైతే వంద తక్కువ, పోలీసులు కూడా ఆపరు" అని చెప్పేవాళ్ళు అన్ని టూరిస్టు ఊళ్ళలోనూ ఉన్నారు. ఆ వంద కోసం కక్కుర్తి పడొద్దు. సొంత వాడకానికని తీసుకున్న ఇన్సూరెన్స్ పాలసీలో అద్దెకిస్తే చెల్లదని రాసే ఉంటుంది. యాక్సిడెంట్ జరిగి బండి నుజ్జయితే కంపెనీ చేతులెత్తేస్తుంది, ఓనర్ మీ మీద పడతాడు. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే కేసు ఇంకా దూరం పోతుంది.

లైసెన్స్ విషయం కూడా అంతే. ఎల్ఎల్ఆర్ చూపించి బండి అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, అది పనికిరాదు. గేరు లేని స్కూటర్‌కి మాత్రమే లైసెన్స్ ఉన్నవాళ్ళు బుల్లెట్ తీసుకోకూడదు. లైసెన్స్ లేకుండా నడిపితే కేంద్ర చట్టం ప్రకారం 5,000 రూపాయలు జరిమానా. డిజీలాకర్‌లో ఉన్న లైసెన్స్ చెల్లుతుంది, కార్డు మర్చిపోయామని కంగారు పడక్కర్లేదు.

బండి చేతికిచ్చేటప్పుడు చుట్టూ తిరిగి ఫోన్లో వీడియో తీయండి. ప్లేటు, పెట్రోలు ముల్లు, కిలోమీటర్ల రీడింగ్ అందులో కనిపించాలి. మా షాపులో నేనే తీసి కస్టమర్‌కి పంపుతాను, గొడవే ఉండదు. గీతల కంటే ముఖ్యంగా చూడాల్సినవి వేరే ఉన్నాయి. బ్రేకు లివర్ చివర గుండు అరిగి ఉందా, హ్యాండిల్ చివరలు రాసుకుపోయాయా, ఫుట్‌రెస్ట్ రబ్బరు ఒకవైపే తెగి ఉందా చూడండి. ఈ మూడూ కనిపిస్తే బండి గట్టిగానే పడింది. అప్పుడు హ్యాండిల్ తిన్నగా ఉందో లేదో ఒక్క వంద మీటర్లు నడిపి చూడాలి. టైరు మధ్యలో గాడులు నున్నగా అయిపోయుంటే ఆ బండి వద్దనండి, ఇంకోటి ఇమ్మనండి. సిగ్గుపడకండి, మంచి షాపువాడు ఏమీ అనుకోడు.

డిపాజిట్ కింద ఒరిజినల్ ఆధార్ పెట్టమంటే కాపీ ఇచ్చి, కాస్త ఎక్కువ డబ్బు డిపాజిట్ కడతామని చెప్పండి. విదేశంలో అయితే పాస్‌పోర్టు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దు. ఇక్కడే ఒక మాట. థాయ్‌లాండ్, వియత్నాం వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామంది అక్కడ దిగగానే స్కూటర్ తీసుకుంటున్నారు. మన ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. థాయ్‌లాండ్‌లో అది నడుస్తుంది, కానీ అందులో మోటార్ సైకిల్ క్లాసు కూడా ఉండాలి. వియత్నాం ఉన్నది 1968 వియన్నా ఒప్పందంలో. మన పర్మిట్ అక్కడ చెల్లదు. షాపువాడు ఏమీ అడక్కుండా బండి ఇచ్చేస్తాడు గానీ, కింద పడితే చెల్లే లైసెన్స్ లేదని ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్ళు ఆస్పత్రి బిల్లు కట్టకపోవచ్చు.

హెల్మెట్ ఇంటి నుంచి తీసుకెళ్ళండి, బ్యాగుకి తగిలించుకుంటే బరువేం కాదు. షాపుల్లో ఇచ్చేవి చాలావరకు వదులుగా ఉంటాయి, పట్టీ సరిగ్గా పడదు. వదులు హెల్మెట్ తల నేలకి తగలకముందే ఊడిపోతుంది. వెనక కూర్చున్నవాళ్ళకీ తప్పనిసరి.

ఇక మీ గోవా. తీసుకోండి, గోవా బండి మీద తిరగాల్సిన చోటే. హైదరాబాద్‌లోలా ఓలా, ఊబర్ బుక్ చేసుకుంటూ తిరగడం అక్కడ కుదరదు. ట్యాక్సీ రేట్లు కొత్తవాళ్ళకి గుండె గుభేలుమనిపిస్తాయి. బస్సులు పగలు బాగానే ఉంటాయి, చీకటి పడ్డాక తగ్గిపోతాయి. బీచ్‌లు, కోటలు, చర్చిలు, పల్లెలు అన్నీ చిన్నచిన్న దారుల్లో చెల్లాచెదురుగా ఉంటాయి.

కానీ గోవా మొత్తం స్కూటర్ మీద చుట్టేద్దామనుకోవద్దు. ఉత్తరాన ఆరంబోల్ నుంచి దక్షిణాన పాలోలెం దాకా దాదాపు 100 కిలోమీటర్లు. ఒక వైపు ఎంచుకోండి. ఉత్తరం అయితే అంజునా, వాగతోర్, చపోరా కోట, మాండ్రెం చుట్టూ తిరగవచ్చు. దక్షిణం అయితే పాలోలెం, అగొండా, కాబో ద రామా కోట. జనం తక్కువ, రోడ్లు ప్రశాంతం, నన్నడిగితే దక్షిణమే. ఎయిర్‌పోర్టు నుంచో మడగావ్ స్టేషన్ నుంచో హోటల్‌కి మాత్రం సామానుతో ట్యాక్సీలోనే వెళ్ళండి, స్కూటర్ హోటల్ దగ్గర్లో తీసుకోండి.

ఒక పూట ఓల్డ్ గోవా నుంచి ఫెర్రీ ఎక్కి దివార్ దీవికి వెళ్ళండి. స్కూటర్‌తో సహా పడవెక్కించేస్తారు. అవతల పొలాలు, పాత పోర్చుగీసు ఇళ్ళు, దాదాపు ఖాళీ రోడ్లు. ట్యాక్సీలో వచ్చిన టూరిస్టు ఎక్కువగా అటు పోనే పోడు. ఫోన్లో మ్యాప్‌ని టూ వీలర్ మోడ్‌లో పెట్టుకోవడం మర్చిపోవద్దు. కారు మోడ్‌లో ఉంటే పణజి దగ్గర మాండోవి నది మీద కొత్త కేబుల్ వంతెన అటల్ సేతు ఎక్కమంటుంది, దాని మీదకి టూ వీలర్లని రానివ్వరు. పక్కనే ఉన్న పాత వంతెన మీద నుంచి పోవాలి. ఇసుకలోకి బండి దింపకండి, బీచ్ మీద నడిపితే ఫైన్ వేస్తారు. బీచ్ దగ్గరి మలుపుల్లో రోడ్డు మీద ఇసుక పరుచుకుని ఉంటుంది, అక్కడ బ్రేకు వేశారా జారిపోతారు, మలుపుకి ముందే వేగం తగ్గించుకోండి.

తాగే ప్లాన్ ఉన్న రాత్రి బండి హోటల్‌లోనే ఉండాలి. రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. చట్టం పక్కన పెట్టండి, ఆ ఊరి దారులు సన్నం, వీధి దీపాలు అంతంతమాత్రం, ఎదురొచ్చేవాడు కూడా తాగే ఉండొచ్చు. గోవాలో పైలట్లని మోటార్ సైకిల్ ట్యాక్సీలు ఎప్పటి నుంచో ఉన్నాయి, పసుపు మడ్‌గార్డు చూసి గుర్తుపట్టవచ్చు. పగలు ఒక్కరే ఎక్కడికైనా పోవాలంటే వాళ్ళు బాగా పనికొస్తారు. రాత్రికి ట్యాక్సీని ముందే మాట్లాడి పెట్టుకోండి, రేటెంతైనా ఇచ్చేయండి.

ఇద్దరికే లైసెన్స్ ఉందన్నారు కాబట్టి రెండు స్కూటర్లు, నడిపేది ఆ ఇద్దరే. మిగతా ఇద్దరు "ఖాళీ రోడ్డు కదా, ఒక్కసారి ఇవ్వరా" అంటారు, తప్పకుండా అంటారు. ఇవ్వకండి. అద్దె కాగితం మీద సంతకం మీది, ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఆ టైంలో నడిపింది ఎవరని. డిసెంబర్ 20 తర్వాత వెళ్తుంటే ఇప్పుడే బుక్ చేసుకోండి. ఆ వారంలో మామూలుగా 400కి దొరికే స్కూటర్‌కి రెండింతలు అడుగుతారు, నల్ల ప్లేటు బండ్లన్నీ అయిపోయి తెల్ల ప్లేటువే మిగులుతాయి.